"శాస్త్రవేత్తలు తేల్చారు" అని ఎవరైనా అంటే, ఆ పరిశోధన పేపర్ వెతికి మనమే చదువుకోవడం ఎలా

మా మావయ్య రొయ్యల చెరువుకి ఒక మందు కొన్నారు. డబ్బా కన్నా దాంతో వచ్చిన కరపత్రం మీదే ఆయనకి నమ్మకం ఎక్కువ, ఎందుకంటే దాని మీద పెద్దక్షరాల్లో "అంతర్జాతీయ జర్నల్‌లో రుజువైంది" అని ఉంది. నేను ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. జర్నల్ అంటే పరిశోధనలు అచ్చేసే పత్రిక, దాని పేరుంది, అంతే. ఎవరు రాశారో లేదు, ఏ సంవత్సరమో లేదు, అసలు పేపర్ పేరే లేదు. ఆ జర్నల్ వెబ్‌సైట్లోకి వెళ్ళి మందు పేరు కొట్టి, అందులో ఉందన్న బాక్టీరియా పేరు కొట్టి, కంపెనీ పేరు కొట్టి రాత్రి పదకొండింటి దాకా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. పొద్దున్న చెప్తే "అంత పెద్దక్షరాలతో వేశారు కదరా, ఊరికే వేస్తారా" అన్నారు. ఆ మాటకి నాకు చాలా బాధ వేసింది. చెరువు మీద లక్షలు పెట్టే మనిషికి ఒక కాగితాన్ని నమ్మాలో వద్దో తేల్చుకునే దారి ఇన్నేళ్ళలో ఎవరూ చూపించలేదు.

నేను డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను, పేపర్లు వెతికిపెట్టడం నా రోజువారీ పని. ఇది పీహెచ్‌డీ చేసేవాళ్ళ కోసం రాయడం లేదు. చేనో చెరువో కొబ్బరితోటో ఉన్నవాళ్ళకి, ఇంట్లో పెద్దవాళ్ళకి షుగర్ ఉండి వాట్సాప్‌లో రోజుకో "పరిశోధన" చదివి టెన్షన్ పడేవాళ్ళకి, ఊరి చరిత్ర తెలుసుకుందామనుకునే కుర్రాళ్ళకి రాస్తున్నాను. ఇంగ్లిష్ కూడబలుక్కుని చదవగలిగితే చాలు, మిగతాదంతా ఓపికే.

ముందు పేపర్ చేతికి రావాలి

ఎవరైనా "పరిశోధనలో తేలింది" అంటే మొదట అడగాల్సింది నాలుగు వివరాలు: రాసిందెవరు, ఏ సంవత్సరం, ఏ జర్నల్, పేపర్ పేరేంటి. వీటితో పాటు ఇప్పటి పేపర్లలో చాలావాటికి డీఓఐ అని ఒక నంబర్ ఉంటుంది, 10తో మొదలవుతుంది, మన పొలానికి సర్వే నంబర్ లాంటిది. ఆ నంబర్ని డీఓఐ డాట్ ఓఆర్‌జీ అనే సైట్లో పెడితే నేరుగా పేపర్ దగ్గరికే తీసుకెళ్తుంది. చాట్‌బాట్‌ని అడిగి పేపర్ పేరు తెచ్చుకున్నా ఈ పరీక్ష తప్పకుండా పెట్టండి, అవి ఒక్కోసారి లేని పేపర్లకి కూడా ఉన్నట్టే పేర్లు చెప్తాయి.

వివరాలేవీ లేకపోతే గూగుల్ స్కాలర్‌లో వెతకాలి. మామూలు గూగుల్ వేరు, ఇది వేరు, ఇందులో వచ్చేవి ఎక్కువగా పేపర్లు, థీసిస్‌లు (పీహెచ్‌డీ లాంటి డిగ్రీల కోసం రాసే పరిశోధన గ్రంథాలు), పుస్తకాలు. వ్యవసాయం, వైద్యం లాంటి వాటికి ఇంగ్లిష్‌లోనే వెతకాలి, తప్పదు. రెండు మూడు పదాలు కలిసే రావాలంటే వాటి చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టండి, లేకపోతే గోదావరి ఒకచోట, డెల్టా ఇంకోచోట ఉన్న వేల పేపర్లు వచ్చి పడతాయి.

మన ప్రాంతం గురించి వెతికేటప్పుడు ఒక చిక్కుంది. జిల్లాల పేర్లు మారిపోయాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి కాబట్టి కోనసీమ జిల్లా అని కొడితే ఆ తర్వాతి పేపర్లే ఎక్కువ దొరుకుతాయి, అంతకు ముందు అమలాపురం మీదా రాజోలు మీదా జరిగిన పనంతా తూర్పుగోదావరి పేరు మీదే ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో, దానికి ముందు కొన్నేళ్ళు భీమవరం, నరసాపురం కృష్ణా జిల్లాలో ఉండేవి. బ్రిటిష్ కాలం కాగితాల్లో గోదావరి స్పెల్లింగే వేరు, చివర్లో ఏఆర్‌ఐ బదులు ఈఆర్‌వై అని రాసేవాళ్ళు. మా కాలేజీ పిల్లల్లో సగంమంది "మన ఊరి మీద ఏమీ లేదండీ" అంటూ వచ్చేది ఈ పేర్ల గొడవ తెలియకే.

పంటలకి, పురుగులకి శాస్త్రీయ నామం పెట్టి వెతికితే మంచి ఫలితం వస్తుంది. వనామీ రొయ్యకి రెండు పేర్లున్నాయి, కొన్ని పేపర్లు లిటోపినేయస్ వన్నామీ అంటాయి, కొన్ని పినేయస్ వన్నామీ అంటాయి, రెండూ పెట్టి చూడాలి. కొబ్బరి ఆకుల కింద తెల్లటి చుట్టలు చుట్టలుగా కనపడే దోమ ఉందే, దాన్ని పేపర్లలో రుగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై అంటారు. అది మన దేశంలో మొదట కనపడింది 2016లో, తమిళనాడులో. కాబట్టి అంతకు ముందు మన దేశం మీద రాసిన పేపర్లో "కొబ్బరి తెల్లదోమ" అని ఉంటే అది వేరే దోమ.

ఒక పేపర్ దగ్గర పెట్టుకుని చదువుదాం

చెప్పుకుంటూ పోవడం కన్నా ఒకటి చదివి చూపిస్తాను. మనందరికీ తెలిసిన స్వర్ణ వరినే తీసుకుందాం. ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టి 1982లో విడుదలైంది, ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా వెళ్ళింది. దానికున్న ఒక బలహీనత ముంపు.

ఒడిశాలో ఎఫ్ఆర్13ఏ అనే పాత రకం వరి ఉంది, రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా బతుకుతుంది. అలా బతికించే జన్యువు ఏదో కనిపెట్టి 2006లో నేచర్ పత్రికలో ప్రచురించారు, దాని పేరు సబ్1ఏ. మామూలు వరి మునిగినప్పుడు గాలి అందుకోవాలని గబగబా పొడవు పెరుగుతుంది, దాచుకున్న బలమంతా దానికే ఖర్చయిపోతుంది, నీళ్ళు తీశాక నిలబడలేక పడిపోయి కుళ్ళిపోతుంది. ఈ జన్యువు ఉన్న మొక్క మాత్రం ఊపిరి బిగపట్టినట్టు కదలకుండా ఉండిపోయి, నీళ్ళు తీశాక మిగిలిన బలంతో మళ్ళీ చిగురేస్తుంది. మామూలు సంకరణంతోనే దాన్ని స్వర్ణలోకి తెచ్చారు, జన్యుమార్పిడి పంట కాదు. అదే స్వర్ణ సబ్1, మన దేశంలో 2009లో విడుదలైంది.

సరే, ల్యాబులో బతికింది, మరి రైతు పొలంలో? దానికి 2013లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది, ఎవరైనా ఉచితంగా చదవచ్చు. పేపర్ తెరవగానే మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. ముందు సారాంశం చదవండి, ఆబ్‌స్ట్రాక్ట్ అని ఉంటుంది. తర్వాత నేరుగా "మెథడ్స్" దగ్గరికి వెళ్ళండి, తర్వాత పట్టికలు, బొమ్మలు, చివర్లో రచయితలు తమ పని పరిమితుల గురించి రాసుకున్నది. ముందుమాట చివరికి వదిలేసినా నష్టం లేదు. ఇలా చదువుతూ మూడు ప్రశ్నలకి జవాబు వెతకాలి: ఎక్కడ చేశారు, ఎన్నిటి మీద చేశారు, దేంతో పోల్చారు.

ఈ పేపర్లో జవాబులు దొరుకుతాయి. ఎక్కడ అంటే ఒడిశాలో. ఎన్నిటి మీద అంటే 128 ఊళ్ళలో, కొత్త విత్తనం ఎవరికి ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఈ లాటరీ చాలా ముఖ్యం. అడిగినవాళ్ళకే ఇస్తే చురుకైన రైతులే ముందు తీసుకుంటారు, అప్పుడు పెరిగిన దిగుబడి విత్తనం గొప్పదనమో రైతు గొప్పదనమో తెలీదు. దేంతో పోల్చారంటే రైతులు అప్పటికే వేస్తున్న రకంతో, ముఖ్యంగా స్వర్ణతో. ఫలితం ఏమిటంటే 10 రోజులు మునిగిన చేలో దిగుబడి దాదాపు 45 శాతం ఎక్కువ, ముంపు రాని చేలో తేడా లేదు.

ఇది ప్రింటు తీసి నాన్నకి చూపించాను. అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పైకి తోసుకుని, 45 అన్న అంకె కింద పెన్సిల్‌తో గీత గీసి, "అయితే ముప్పై బస్తాలు పండేది నలభై మూడు పండుద్దా" అన్నారు. చాలామంది సరిగ్గా ఇక్కడే పొరబడతారు. 45 శాతం దేనిమీద ఎక్కువ? మునిగిన స్వర్ణ మీద. మునిగి దెబ్బతిన్న స్వర్ణ ఎకరానికి 10 బస్తాలు ఇచ్చిందనుకుంటే, ఇది 14న్నర ఇస్తుంది. శాతం కనపడిన ప్రతిచోటా "దేనిమీద" అని అడగండి. జబ్బుల వార్తల్లోనూ అంతే, వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు ఆరుగురికి వస్తే వార్తాపత్రికల వాళ్ళు 20 శాతం పెరిగిందని వేస్తారు, లెక్క తప్పు కాదు, కానీ వందలో పెరిగింది ఒక్కరే.

బస్తాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాసి పెట్టుకోండి. పేపర్లలో దిగుబడి హెక్టారుకి టన్నుల్లో ఉంటుంది. హెక్టారుకి ఒక టన్ను అంటే ఎకరానికి సుమారు 405 కిలోలు, మన 75 కిలోల బస్తాల్లో 5.4. అంటే హెక్టారుకి 5 టన్నులు అన్నచోట ఎకరానికి 27 బస్తాలని చదువుకోవాలి. ఈ ఒక్క లెక్క తెలిస్తే పట్టికలన్నీ మన భాషలోకి వచ్చేస్తాయి.

నాన్న రెండో ప్రశ్న నాకే తట్టలేదు. "మనకి నవంబర్లో తుపానొచ్చి కోతకొచ్చిన చేను పడిపోద్ది కదా, దానికి పనికొస్తదా ఇది?" పేపర్లో ఆ ప్రశ్న లేదు. ఈ జన్యువు పని చేసేది మొక్క పిలకల దశలో ఉండగా పూర్తిగా మునిగితే, అదీ రెండు వారాల లోపు. మోకాలి లోతు నీళ్ళు నెలల తరబడి నిలిచినా, వెన్ను తీశాక మునిగినా దీని వల్ల పెద్ద ఉపయోగం ఉండదు. 1996 నవంబర్ 6 తుపానుని చూసిన మనిషి కాబట్టి ఆయనకి ఆ ప్రశ్న వచ్చింది. ఒడిశా పేపర్ నిజమే, కానీ మన ముంపులన్నిటికీ అది జవాబు కాదు, మన మురుగు కాలువ పొంగి నాటిన చేను మునిగే జులై, ఆగస్టు ముంపు వరకే.

పేపర్ పేరు కింద స్కాలర్‌లో "సైటెడ్ బై" అని ఒక లింకు ఉంటుంది, తర్వాత ఎవరెవరు ఈ పేపర్‌ని ప్రస్తావించారో అందులో చూడచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన లింకు అది. దాని వెంట వెళ్తే 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అదే బృందం రాసిన ఇంకో పేపర్ దొరుకుతుంది. ముంపు భయం తగ్గిన రైతులు ఎరువు ఎక్కువ వేశారు, సాగు పెంచారు, అప్పు తీసుకోవడానికీ ముందుకొచ్చారు అని తేలింది అందులో. జన్యువు దగ్గర మొదలై పొలం మీదుగా వెళ్ళి మనిషి ధైర్యం దాకా చేరింది. ఒక విత్తనం గురించి మూడు శాస్త్రాలు మాట్లాడుతున్నాయి, మూడూ చదివితేనే మనకి పూర్తి బొమ్మ కనపడుతుంది.

మోసం చేసే మాటలు

పేపర్‌ని ఫోన్లో తెలుగులోకి మార్చుకుని చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు, తప్పేం లేదు, కానీ కొన్ని మాటల దగ్గర అనువాదం దారి తప్పిస్తుంది. "కంట్రోల్" అంటే పేపర్లో నియంత్రణ కాదు, పోల్చడానికి మందు వేయకుండా వదిలేసిన మడి అని. "ట్రీట్‌మెంట్" అంటే చికిత్స కాకపోవచ్చు, ఏ మడిలో ఏం వేశారో అది. అన్నిటికన్నా ప్రమాదం "సిగ్నిఫికెంట్". అనువాదంలో "ముఖ్యమైన తేడా" అని వస్తుంది, మనం అబ్బో చాలా తేడా ఉందనుకుంటాం. దాని అర్థం అది కాదు. నిజంగా తేడా ఏమీ లేకపోయినా కేవలం అదృష్టం కొద్దీ ఇంత తేడా కనపడే అవకాశం తక్కువ, మామూలుగా 5 శాతం లోపు, అని మాత్రమే. ఎకరానికి పావు బస్తా తేడా కూడా సిగ్నిఫికెంట్ అవచ్చు. పావు బస్తా కోసం విత్తనం మారుస్తామా అన్నది మన నిర్ణయం.

"ఇలా జరిగితే" అన్న షరతునీ వదలకండి. 2008లో ఆంధ్రా యూనివర్సిటీ కె.నాగేశ్వరరావు గారి బృందం మన తీరం మీద ఒక పేపర్ రాసింది. సముద్రమట్టం సుమారు 0.6 మీటరు పెరిగితే ఆంధ్ర తీరంలో 43 శాతం అత్యధిక ప్రమాదంలో ఉంటుందని అందులో చెప్పారు. ఉప్పాడ కోతని కళ్ళారా చూస్తున్న మనకి అది చాలా దగ్గరి విషయం. కానీ "పెరిగితే" అన్న ఒక్క మాట తీసేసి చెప్తే అర్థమే మారిపోతుంది.

నమ్మచ్చా?

డబ్బు కడితే ఏదైనా వేసే జర్నళ్ళు ఉన్నాయి. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి తప్పులతో నిండిన ఒక దొంగ పేపర్ కావాలనే తయారుచేసి, ఎవరైనా ఉచితంగా చదవగలిగే 304 జర్నళ్ళకి పంపితే 157 జర్నళ్ళు వేస్తామన్నాయి. కాబట్టి "అంతర్జాతీయ" అన్న మాటకి విలువ ఇవ్వకండి. ఉచితమైనవన్నీ దొంగవని కూడా అనుకోవద్దు, పైన చెప్పిన ఒడిశా పేపర్ ఉచితమే.

పెద్ద జర్నల్ అయినా తప్పు జరుగుతుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం రేపిన పేపర్ 1998లో లాన్సెట్ అనే పెద్ద వైద్య జర్నల్‌లో వచ్చింది, చూసింది 12 మంది పిల్లలని, దాన్ని వెనక్కి తీసుకున్నది 2010లో. ఆ పన్నెండేళ్ళలో పుట్టిన భయం ఇంకా పోలేదు. అదే లాన్సెట్ 2020 మే 22న అప్పట్లో కరోనాకి వాడిచూసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు మీద వేసిన పేపర్‌ని జూన్ 4న తీసేసింది, వెనకున్న డేటాని చూపించలేకపోయారు కాబట్టి. ఏ పేపర్ అయినా వాడే ముందు దాని పేజీ మీద "రిట్రాక్టెడ్", అంటే వెనక్కి తీసుకున్నారు అని ఉందేమో చూడండి, అర నిమిషం పని.

నిజాయితీగా చేసినదైనా ఒక్క పేపర్‌తో తీర్పు చెప్పేయలేం. 2015లో మనస్తత్వశాస్త్రంలో 100 ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూస్తే, సిగ్నిఫికెంట్ ఫలితం వచ్చినవి 36 శాతమే. అందుకే ఆరోగ్యం విషయంలో పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల సైట్లో వెతికేటప్పుడు "సిస్టమాటిక్ రివ్యూ" అని కలిపి వెతకండి, అది ఆ విషయం మీద వచ్చిన పేపర్లన్నీ వడగట్టి చూసినది. అది చదివాక కూడా మాత్ర మానడం, మార్చడం డాక్టర్‌ని అడిగాకే.

అలాగని చిన్న పేపర్‌ని తీసిపారేయకండి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి 1948లో పేపర్ రాశారు. 16 మంది పిల్లలు, అందులో 10 మందికి తగ్గింది. పేపర్ పేరులోనే "తాత్కాలికంగా" అన్న మాట పెట్టారు. కేన్సర్‌కి మందు కనిపెట్టేశాం అనలేదు. అప్పటిదాకా ఏ ఆశా లేని జబ్బుకి మందులతో వైద్యం అక్కడే మొదలైంది. ఇప్పటికీ పేపర్ చదివేటప్పుడు ఆ మాట కోసమే చూస్తాను నేను, తమ ఫలితానికి హద్దు ఎక్కడో రచయితలు తామే చెప్పారా అని.

డబ్బు కట్టమంటే

పేపర్ మీద నొక్కితే డాలర్లు కట్టమంటుంది. కట్టకండి. స్కాలర్‌లో పేరు పక్కన పీడీఎఫ్ ఉందేమో చూడండి, "ఆల్ వర్షన్స్" నొక్కండి, ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే చూపించే అన్‌పేవాల్‌ని బ్రౌజర్లో పెట్టుకోండి. భౌతికం, లెక్కలు అయితే ఆర్కైవ్ (arXiv) అనే సైట్లో 1991 నుంచి ఉచితం. ప్రభుత్వ కాలేజీలో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళని అడగండి, 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద కేంద్రం దాదాపు 13,000 జర్నళ్ళని ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకి తెరిచింది. వచ్చి అడిగేవాళ్ళు తక్కువని లైబ్రరీలో కూర్చుని రోజూ చూస్తున్నాను.

ఏదీ కుదరకపోతే రచయితకే మెయిల్ రాయండి. మనం కట్టే డాలర్లలో ఆయనకి పైసా రాదు, అడిగితే చాలామంది సంతోషంగా పంపిస్తారు. మూడు వాక్యాలు చాలు: నేను ఫలానా ఊళ్ళో రైతుని, మీ ఫలానా పేపర్ చదవాలనుకుంటున్నాను, కాపీ పంపగలరా అని. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

థీసిస్‌ల గురించి ఎవరూ చెప్పరు గానీ మన ఊళ్ళ వివరాలు అసలు ఉండేది వాటిలోనే. శోధ్‌గంగలో మన యూనివర్సిటీల థీసిస్‌లు, కృషికోశ్‌లో వ్యవసాయ యూనివర్సిటీలవి ఉచితంగా ఉన్నాయి. మండలాలవారీ పట్టికలు, రైతుల్ని అడిగిన ప్రశ్నలు యథాతథంగా వెనక అనుబంధంలో ఉంటాయి. చరిత్ర కావాలంటే హెమింగ్‌వే అనే బ్రిటిష్ అధికారి 1907లో రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ ఉండే ప్రభుత్వ పుస్తకం) ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్లో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళ వల్ల వచ్చిన డబ్బు ఎవరి చేతికి, ఏ కులం చేతికి చేరి ఎలా పరిశ్రమలుగా మారిందో తెలుసుకోవాలంటే కరోల్ ఉపాధ్య 1988లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో కోస్తా రైతు పెట్టుబడిదారుల మీద రాసిన వ్యాసం చదవండి. మన తాతల గురించి రాసింది కాబట్టి కొన్నిచోట్ల గుచ్చుకుంటుంది. సమాజం మీద రాసిన పేపర్‌కీ అవే మూడు ప్రశ్నలు వేయాలి, ఇంకొకటి కలపాలి: ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు. భూమి ఉన్నవాళ్ళని మాత్రమే అడిగి "గ్రామస్థుల అభిప్రాయం" అని రాస్తే కౌలుదారూ కూలీ అందులో లేనట్టే. పైన చెప్పిన ఒడిశా పేపర్లోనే ఇంకో విషయం ఉంది, దళితుల పొలాలు ఎక్కువగా ముంపు పల్లంలో ఉన్నాయి కాబట్టి ఆ విత్తనం వాళ్ళకి ఎక్కువ మేలు చేస్తుందని. పొలం ఎవరిదో కూడా అడిగారు కాబట్టే అది బయటపడింది.

వచ్చే వారం నాన్న, నేను మార్టేరు వెళ్తున్నాం. ఆ ప్రింటు మడతపెట్టి సంచిలో పెట్టారు. క్యాలెండర్ వెనక అట్ట మీద ఆయన రాసుకున్న ప్రశ్నలు ఇవి: ముంపు రకం మన నేలలో వేసి చూశారా, ఏ ఊళ్ళో, ఎన్ని రోజులు మునిగింది, పక్కన ఏ రకం వేసి పోల్చారు, కోతకొచ్చాక పడిపోని రకం మీద పేపర్ ఏదైనా ఉందా, ఉంటే దాని నంబర్ రాసి ఇస్తారా. మావయ్య కూడా వస్తానన్నారు, ఆ కరపత్రం పట్టుకుని.